చూచి గీయుట

పరుగిడు గుఱ్ఱమును చూడనివారు అరుదు. కాని దాని కాళ్లు ఎట్లుండునో గీయుమన్నచో మనలో ఎందరము సరిగా గీయగలము? గొప్ప చిత్రకారులకును ఇది సాధ్యము కాలేదు. 1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో ఎప్సమ్ పందెమును చిత్రించుచు, గుఱ్ఱముల ముందుకాళ్లను ముందునకును, వెనుకకాళ్లను వెనుకకును చాచి గాలిలో తేలించెను. 1878లో మైబ్రిడ్జి కాలిఫోర్నియాలో వరుసగా కెమెరాలను నిలిపి తీసిన ఛాయాచిత్రములలో నిజము బయటపడినది. నాలుగు గిట్టలును నేలను విడుచు క్షణమున కాళ్లు చాచియుండవు, పొట్టక్రిందికి ముడుచుకొనియుండును.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. తెలిసినదనుకొన్న వస్తువును మనము కంటితో గాక తలపుతో గీయుదుము. ముఖమును గీయునపుడు కన్నులను తలకు పైభాగమున పెట్టుట ఇట్టిదే. పెద్దవారి తలలో కన్నుల వరుస నడినెత్తికిని గడ్డమునకును ఇంచుమించు నడుమ నుండును. ఇట్టి భ్రమలను తొలగించుటకే ఆధారముగా ఒక పటము కావలెను.

అయితే ఏ పటమునైనను నమ్మవచ్చునా? 1515లో గుజరాతు సుల్తాను కానుకగా ఇచ్చిన ఖడ్గమృగము ఓడలో లిస్బను చేరినది. దానిని కన్నుల చూడకయే, ఒక లేఖను, ఒక రేఖాచిత్రమును ఆధారము చేసికొని జర్మను చిత్రకారుడు డ్యూరర్ దాని బొమ్మను గీసెను. చర్మము ఉక్కుకవచమైనది; వీపుపై లేని చిన్న కొమ్మొకటి మొలిచినది. ఆ బొమ్మను చూచి ఐరోపాలో తరతరముల వారు అట్లే గీసిరి.

ఛాయాచిత్రమునకును లోపములు కలవు. మిక్కిలి దగ్గరనుండి తీసినచో ముక్కు పెద్దదగును, చెవులు వెనుకకు పోవును. నీడలు నల్లని మచ్చలగును. కావున ఒకే వస్తువునకు రెండు మూడు పటములను పోల్చి చూచుట మేలు.

అభ్యాసక్రమము సులభము. మొదట పటమును చూడక జ్ఞాపకముతో గీయవలెను. పిదప పటమును ప్రక్కనుంచి, ఏ భాగము దేనికెన్ని రెట్లున్నదో పెన్సిలుతో కొలిచి, తేడాలు గుర్తించి మరల గీయవలెను. తుదకు పటమును మూసి మూడవమారు గీయవలెను. మొదటి బొమ్మకును మూడవదానికిని గల భేదమే మనము నేర్చిన విద్య. పలుచని కాగితము పరచి గీత మీద గీత దిద్దినచో చేయి కదలును గాని కన్ను మేలుకొనదు.

పటము దారి చూపునదే గాని గమ్యము కాదు. పటములో నేర్చిన ఆవును పెరటిలోని ఆవుతో సరిచూచుకొన్ననాడు గీతకు ప్రాణము వచ్చును. పిల్లలు పటము ముందుంచుకొని గీయుచుండగా "చూచి వేసినావు" అని పెద్దలు చులకన చేయుట కద్దు. ఆ ఒక్క మాటకు పెన్సిలు విడిచిన పిల్లలు ఎందరో! అట్లనుటకు మారుగా, "ఇందులో ఏమేమి చూచినావు?" అని అడిగి చూతము. ఆ ప్రశ్నయే వారికి తొలిపాఠము కాగలదు.