సడి లేని చల్లదనము

ఇచ్ఛాపురము సముద్రతీరమునకు చేరువనున్న పట్టణము. వేసవి రాత్రి అచట ఒక ఇంట అందరును కంప్యూటరులో సినిమా చూచుచున్నారనుకొనుడు. పాత్రలు మెల్లగా పలికిన మాటలను పెట్టెలోని ఫ్యాను రొద మ్రింగివేయును. తీరపు గాలిలోని ఉప్పును, ధూళిని గూడ ఆ ఫ్యాను లోనికి లాగును.

ఫ్యాను లేకుండ ప్రాసెసరును చల్లబరుపవచ్చునా? తప్పక చల్లబరుపవచ్చును. అందులకు ఉష్ణనాళమను రాగి గొట్టమును దానికి ఆనింతురు. రెండు కొనలును మూసిన ఆ గొట్టములోని కొద్దిపాటి నీరు వేడికి ఆవిరియై చల్లని కొనకు చేరును. అచట వేడిని విడిచి, మరల నీరై, లోగోడల సన్నని రంధ్రముల వెంట వెనుకకు వచ్చును. ఇట్టి నాళమును 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలయందు జార్జి గ్రోవర్ నిర్మించి చూపెను. చల్లని కొనకు అమర్చిన అల్యూమినియపు రెక్కలు వేడిని గాలికిచ్చును. వేడెక్కిన గాలి తేలికయై తానే పైకి లేచును.

కావున ఆ గాలికి దారి విడువవలెను. దుమ్ము పడునని పెట్టెపై గుడ్డ కప్పినచో వేడి లోపలనే నిలుచును. ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. సినిమా ఆగి ఆగి నడచును. రెక్కలు గదిలోని గాలికంటె చల్లగా ఎన్నడును కాజాలవు. అందుచే మండువేసవిలో 65 వాట్ల ప్రాసెసరుకంటె 15 వాట్లది మేలు. వేడిని తక్కువగా పుట్టించి, పుట్టినదానికి దారినిచ్చిన ఇంట ప్రతి మాటయు స్పష్టముగా వినబడును.