ఇంట్లో ఫొటోలు ముద్రించుకోవడానికి ఇంక్‌జెట్ ప్రింటర్ ఎంపిక

ప్రస్తావన

కెమెరా గానీ సెల్‌ఫోన్ గానీ తీసిన ఫొటో పిక్సెళ్ల రూపంలో ఎలా నిలవ ఉంటుందో గత పాఠంలో చదివారు. ఆ పిక్సెళ్లు కాగితం మీదికి ఎలా వస్తాయో, ఆ పని ఇంట్లోనే చేసుకోవాలంటే ఎలాంటి ప్రింటర్ కొనాలో, అసలు కొనాలో వద్దో ఈ పాఠంలో తెలుసుకుంటారు. ఈ చివరి ప్రశ్నను మాట వరసకు వేయలేదు. దానికి జవాబు మీరే లెక్క వేసి చెప్పుకోవలసి ఉంటుంది.

దుకాణంలో ప్రింటర్ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేవి మూడు: ధర, డి.పి.ఐ. సంఖ్య, ఇన్ని వేల పేజీలు వస్తాయన్న హామీ. ఫొటోలు ముద్రించుకునేవారికి ఈ మూడూ చెప్పేది తక్కువ. అందులో ఏ రకం సిరా ఉంది, మీరు ఏ కాగితం వాడతారు, నెలకు ఎన్ని ఫొటోలు తీస్తారు అన్న మూడు విషయాలను బట్టే మీ డబ్బు, మీ ఫొటో నిలుస్తాయి.

ఇరవై ఏళ్ల కిందట మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. పెరట్లో తులసికోట దగ్గర నిలబడిన మా అమ్మను డిజిటల్ కెమెరాతో ఫొటో తీశాను. కొత్తగా కొన్న ప్రింటర్‌తో అదే రోజు రెండు ప్రతులు తీసి, ఒకటి హాల్లో కిటికీకి ఎదురుగా గోడకు అంటించాను. రెండోది రాజమండ్రిలో ఉన్న మా చెల్లెలు తీసుకువెళ్లి అద్దం ఫ్రేము కట్టించుకుంది. రెండేళ్లు తిరగకముందే మా గోడ మీద తులసి ఆకులు పండుటాకులయ్యాయి, అమ్మ ముఖం నారింజరంగుకు తిరిగింది. మళ్లీ ముద్రిద్దామంటే ఫైలున్న హార్డ్ డిస్క్ అప్పటికే పాడైపోయింది, అమ్మ కూడా లేదు. చెల్లెలి ఇంట్లో ఫొటో మాత్రం చెక్కుచెదరలేదు. అదే ప్రింటర్, అదే సిరా, అదే కాగితం. తేడా ఎక్కడ వచ్చిందో సిరా గురించి చదివేటప్పుడు మీకే తెలుస్తుంది.

చుక్క ఎలా పడుతుంది

ఇంక్‌జెట్ ప్రింటర్ గీతలు గీయదు, చుక్కలు చల్లుతుంది. ముద్రించే హెడ్ కింద వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు వందల్లో ఉంటాయి. వీటిని నాజిళ్లు అంటారు. వాటి నుంచి సిరాను బయటికి తోసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటిది వేడి పద్ధతి: నాజిల్ వెనక ఉన్న చిన్న హీటర్ క్షణంలో వేడెక్కి సిరాలో ఆవిరి బుడగను పుట్టిస్తుంది, ఆ బుడగ సిరాచుక్కను ముందుకు నెడుతుంది. జపాన్‌లోని కానన్ సంస్థలో 1977లో ఒక ఇంజనీరు వేడి సోల్డరింగ్ ఐరన్‌ను పొరపాటున సిరా నింపిన సిరంజికి తగిలించినప్పుడు సూది నుంచి సిరా చిమ్మడం చూసి ఈ ఆలోచన చేశారని చెబుతారు. కానన్, హెచ్‌పీ ఇంటి ప్రింటర్లు ఈ పద్ధతిలో పనిచేస్తాయి. రెండోది పీజో పద్ధతి: విద్యుత్తు తగిలితే కొద్దిగా వంగే స్ఫటికం సిరాను నొక్కుతుంది. స్ఫటికాల ఈ గుణాన్ని జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు 1881లో ప్రయోగాలతో నిర్ధారించారు. ఎప్సన్, బ్రదర్ ప్రింటర్లది ఈ దారి.

నాణ్యతలో ఏది గొప్ప అని వాదించుకోవలసిన అవసరం లేదు. రెండింటిలోనూ మంచి ఫొటోలు వస్తాయి. తేడా మరమ్మతు దగ్గర వస్తుంది, అది తరవాత చెబుతాను.

ఫొటో ప్రింటర్లలో అతి చిన్న చుక్క ఒకటి నుంచి మూడు పికోలీటర్ల వరకు ఉంటుంది. ఒక మిల్లీలీటరులో 100 కోట్ల పికోలీటర్లు ఉంటాయంటే ఆ చుక్క ఎంతదో ఊహించుకోండి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల చుక్కలను పక్కపక్కన చల్లితే దూరం నుంచి చూసే కన్ను వాటిని కలిపి వేల రంగులుగా చూస్తుంది. ఫొటోలోని ఒక పిక్సెల్ రంగు రావాలంటే ఇలాంటి చుక్కలు ఎన్నో కావాలి. అందుకే పెట్టె మీద 5760 డి.పి.ఐ. అని రాసినా మీ ఫొటోలో అంగుళానికి అన్ని పిక్సెళ్లు అక్కర్లేదు. చేత్తో పట్టుకుని చూసే ఫొటోకు అంగుళానికి 300 పిక్సెళ్లు చాలు. అంటే 4×6 అంగుళాల ఫొటోకు 1200×1800, దాదాపు 22 లక్షల పిక్సెళ్లు. ఎ4 నిండా రావాలంటే 2480×3508, సుమారు 87 లక్షలు. ఇప్పటి ఫోన్లు దీనికి మించే ఇస్తాయి.

చిక్కల్లా వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతోనే. మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి, పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. దాన్ని 4×6లో తీస్తే బాగానే ఉంటుంది. ఎ4లో తీస్తే అంగుళానికి 140 పిక్సెళ్లు కూడా రావు, కనురెప్పలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. అప్పుడు ప్రింటర్‌ను తిట్టుకుని లాభం లేదు. పెళ్లి ఫొటో, పాప ఫొటో ఎవరినైనా అడిగేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

సిరా: రంగు ఎందుకు వెలిసిపోతుంది

ఇంక్‌జెట్ సిరాలు రెండు జాతులు. డై సిరాలో రంగు నీళ్లలో పంచదారలా పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ సిరాలో రంగు కరగదు, అతి సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఒకటి చీరకు అద్దకం, రెండోది గోడకు సున్నం అనుకోండి. డై కాగితంలోకి ఇంకుతుంది, మెరుపు కాగితం మీద రంగులు నిండుగా, తేటగా వస్తాయి. పిగ్మెంట్ పైపొరలో నిలుస్తుంది. ఒక రేణువులో బోలెడు అణువులు కలిసి ఉండటం వల్ల వెలుతురు, గాలి పైవాటిని దెబ్బతీసినా లోపలివి మిగులుతాయి. డైలో ప్రతి అణువూ ఒంటరిగా దెబ్బ తింటుంది. అందుకే పిగ్మెంట్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

రంగు వెలిసిపోవడానికి ఎండ ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ గాలిలో కొద్దిపాటి ఓజోన్ ఎప్పుడూ ఉంటుంది. తొందరగా ఆరే రకం ఫొటో కాగితం పైపొర సన్నని రంధ్రాలతో స్పాంజిలా ఉంటుంది. ఆ రంధ్రాల్లోంచి ఓజోన్ లోపలికి వెళ్లి డై అణువులను విరగ్గొడుతుంది. అందరికన్నా ముందు దెబ్బ తినేది సాధారణంగా సయాన్. ఆకుపచ్చ అంటే సయాన్, పసుపు కలిసిన రంగే కదా. సయాన్ పోతే పసుపు మిగులుతుంది. మా తులసి ఆకులకు జరిగింది అదే. చెల్లెలి ఇంట్లో అద్దం గాలిని ఆపింది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఒక పేరుమోసిన ఫొటో ప్రింటర్ విషయంలో ఇదే జరిగి, ఏళ్ల తరబడి నిలుస్తాయన్న ఫొటోలు కొన్ని ఇళ్లలో కొద్ది వారాల్లోనే నారింజరంగుకు తిరిగాయి. అప్పటి పరీక్షలు వెలుతురుకే జరిగాయి, గాలికి జరగలేదు. ఆ తరవాత సిరాలు చాలా మెరుగుపడ్డాయి.

ప్రకటనల్లో వందేళ్లు నిలుస్తుంది అని చదివితే ఏ పరిస్థితిలో అని అడగాలి. ఈ రంగంలో అమెరికాకు చెందిన హెన్రీ విల్‌హెల్మ్ పేరు ముందు చెప్పుకోవాలి. రంగు ఫొటోల మన్నిక మీద 1993లో పెద్ద గ్రంథం ప్రచురించిన ఆయన సంస్థ, గోడకు ఉంచిన ఫొటోకు రోజుకు 12 గంటలు 450 లక్స్ వెలుతురు, పైన అద్దం అన్న లెక్కతో మన్నికను అంచనా వేస్తుంది. మన హాల్లో ఎండ నేరుగా పడితే ఆ వెలుతురు దీనికి ఎన్నో రెట్లు. ఆల్బంలో ఉంచితే అన్న లెక్క వేరు, ఫ్రేము లేకుండా ఉంచితే అన్న లెక్క వేరు. పెట్టె మీద సాధారణంగా అన్నిటికన్నా పెద్ద సంఖ్యనే వేస్తారు.

ఇప్పుడు బజారులో దొరికే చవకైన ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటిలో నలుపు పిగ్మెంట్, మిగిలిన మూడు రంగులు డై. నలుపు అలా పెట్టింది మామూలు కాగితం మీద అక్షరాలు స్ఫుటంగా రావడానికి. మెరుపు కాగితం మీద ఆ నలుపు సరిగా అంటదు కాబట్టి ఫొటో ముద్రించేటప్పుడు ప్రింటర్ దాన్ని పక్కనపెట్టి మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది. అందుకే జుట్టు, నల్లకోటు కాస్త గోధుమరంగుగా వస్తాయి. అసైన్‌మెంట్లే ఎక్కువ, ఫొటోలు అప్పుడప్పుడు అనుకునేవారికి ఇది చాలు. ఫొటోలే ముఖ్యమైతే ఆరు రంగుల ప్రింటర్ చూడండి. కొన్నిటిలో లేత సయాన్, లేత మెజెంటా అదనంగా ఉంటాయి, చెంపల మీద, ఆకాశంలో చుక్కలు కనిపించకుండా అవి కాపాడతాయి. కొన్నిటిలో ఎరుపు, బూడిదరంగు ఉంటాయి. పూర్తి పిగ్మెంట్ ఫొటో ప్రింటర్లు ప్రదర్శనలు పెట్టేవారి కోసం, వాటి ధర మన ఇంటికి తగినది కాదు.

కాగితం

మామూలు కాగితం మీద ఎంత మంచి ప్రింటరైనా వెలసిన ఫొటోనే ఇస్తుంది. సిరా నారల వెంట పాకిపోతుంది. ఫొటో కాగితం బరువును జి.ఎస్.ఎం.లో చెబుతారు. 130, 180 రకాలు పలచన, తడికి వంకర తిరుగుతాయి. దాచుకోదలచిన ఫొటోలకు 230 పైన, ఆర్.సి. అని రాసి ఉన్నది తీసుకోండి. ఆర్.సి. కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది. సికింద్రాబాద్ సి.టి.సి.లో పేరులేని ప్యాకెట్లు చవగ్గా దొరుకుతాయి. ముందు ఒక్క ప్యాకెట్ కొని చూడండి, పది కొనకండి.

ముద్రించే ముందు కంప్యూటర్‌లో కాగితం రకం ఎంచుకోవాలి. ఇది మరిచిపోయి ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే ప్రింటర్ సిరా మోతాదు తప్పుగా వేస్తుంది. రంగులు బాగా రాలేదని నా దగ్గరికి వచ్చిన విద్యార్థుల్లో సగంమంది పొరపాటు ఇదే. మిగిలిన సగంలో చాలామంది తెర వెలుతురు మరీ ఎక్కువ పెట్టుకుని చూసి, ముద్రణ చీకటిగా ఉందన్నవారు.

ఎండిపోయే నాజిళ్లు

ఇంక్‌జెట్ ప్రింటర్ పాడి ఆవు లాంటిది, రోజూ పిండకపోయినా మరిచిపోతే పాడవుతుంది. వాడకుండా వదిలేస్తే నాజిళ్లలో సిరా ఎండి గట్టిపడుతుంది. మన ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చేసరికి నా ప్రింటర్ ఒక్క రంగు కూడా ఇవ్వలేదు. బాగుచేయించడానికి కొత్తదాని ధరలో దాదాపు సగం అడిగారు. వారానికి ఒకసారైనా అన్ని రంగులూ ఉన్న చిన్న బొమ్మ ముద్రించండి. హెడ్ శుభ్రం చేసే ఏర్పాటు ప్రింటర్‌లోనే ఉంటుంది, కానీ అది సిరాను లోపలి స్పంజిలోకి పారబోసి శుభ్రం చేస్తుంది. ఆ స్పంజి నిండితే ప్రింటర్ పని ఆపేస్తుంది. దాన్ని మనమే మార్చుకునే వీలున్న మోడల్ అయితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగక్కర్లేదు.

ఇక్కడే ఇందాక వదిలేసిన తేడా. కొన్ని వేడి పద్ధతి ప్రింటర్లలో హెడ్ కార్ట్రిడ్జ్‌తోనే వస్తుంది, మూసుకుపోతే కార్ట్రిడ్జ్ మారిస్తే చాలు. సిరా ఖర్చు మాత్రం ఎక్కువ. పీజో హెడ్ యంత్రంలో శాశ్వతంగా ఉంటుంది, పాడైతే ఖర్చు పెద్దది. ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే ముద్రించేవారికి చవక సిరా ఉన్న ట్యాంక్ ప్రింటర్ చవక కాదు.

లెక్క

పేజీల హామీ ఐ.ఎస్.ఓ. ప్రమాణం ప్రకారం ఎ4 కార్యాలయ పత్రాల మీద వేసింది. వాటిలో కాగితం చాలావరకు తెల్లగానే ఉంటుంది. ఫొటోలో అంచు నుంచి అంచుకు సిరాయే. కాబట్టి ఆ సంఖ్యను పక్కనపెట్టి మీ లెక్క మీరు వేయండి. ఉదాహరణకు ప్రింటర్ ధర 20,000 రూపాయలు, 4×6 ఫొటోకు కాగితం, సిరా, చెడిపోయినవాటితో కలిపి 8 రూపాయలు, మీ ఊరి స్టూడియో ధర 15 రూపాయలు అనుకుందాం. ఒక్కో ఫొటోకు మిగిలేది 7 రూపాయలు. 20,000ను 7తో భాగిస్తే సుమారు 2,857. ఐదేళ్లు వాడితే నెలకు 48 ఫొటోలు. నెలకు పది తీసేవారికి ఒక్కో ఫొటో 41 రూపాయలు పడుతుంది, వారు స్టూడియోకు వెళ్లడమే మేలు. నెలకు వంద తీసేవారికి 11 రూపాయల 33 పైసలు.

మీలో కొందరు ఊళ్లో పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తీసి నాలుగు రూపాయలు సంపాదించుకోవాలని చూస్తూ ఉండవచ్చు. 35×45 మిల్లీమీటర్ల ఫొటోలు ఒక 4×6 కాగితం మీద ఎనిమిది పడతాయి. ముడిసరుకు ఖర్చు అదే 8 రూపాయలు. అప్పుడు పై లెక్క పూర్తిగా మారిపోతుంది. దరఖాస్తుల కాలంలో జనం వరస కట్టినప్పుడు ప్రింటర్ ఆగిపోకూడదు కాబట్టి, మీ దగ్గరి పట్టణంలో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీదే కొనండి. వేరే కంపెనీల చవక సిరా పోస్తే వారంటీకి ఇబ్బంది రావచ్చు. దాని రంగు ఎంతకాలం నిలుస్తుందో చెప్పేవారూ ఉండరు.

కొనబోయే ముందు పెన్‌డ్రైవ్‌లో మీ ఇంట్లోవారి ముఖం ఉన్న ఫొటో ఒకటి తీసుకువెళ్లి, మీరు కొనబోయే కాగితం మీద ముద్రించి చూపమని అడగండి. దుకాణంవారి దగ్గరుండే పూలతోట బొమ్మ ఏ ప్రింటర్‌లోనైనా బాగుంటుంది. ముఖం రంగు తేడా వస్తే మాత్రం మీ కన్ను వెంటనే పట్టేస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై లెక్కలో మీ ఊరి స్టూడియో ధర, మీరు నెలకు ముద్రించే ఫొటోల సంఖ్య వేసి, ప్రింటర్ కొనడం లాభమో నష్టమో తేల్చండి.

2. ఒకే ఫొటోను రెండు ప్రతులు తీయించి, ఒకటి పుస్తకం మధ్య, ఒకటి కిటికీ దగ్గర నెల రోజులు ఉంచండి. రెండూ పక్కపక్కన పెట్టి, ముందుగా ఏ రంగు తగ్గిందో, ఎందుకో రాయండి.

3. వాట్సాప్‌లో వచ్చిన 1600×1200 పిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రిస్తే ఎంత పెద్దది వస్తుందో కనుక్కోండి.