బల్ల మీద కాదు, బల్ల కింద చూడండి

కిందటేడు కార్తీకంలో రంభ దగ్గర మా బావమరిది పడవలో బల్ల ఊడిపోయింది. చిలకా సరస్సులో గాలి లేచింది, పడవ ఒక కెరటం మీంచి దబ్బున దిగింది, అంతే. బల్ల మీద ముగ్గురున్నారు. పెద్దవాళ్ళకి ఏమీ కాలేదు గానీ, మావాడి ఎనిమిదేళ్ళ కూతురు ముందుకి పడి పెదవి చిట్లింది, పన్ను విరిగింది.

ఆ బల్ల మా అత్త కోసం వేసిందే. ఏటా సంక్రాంతికి కాళిజాయి అమ్మవారి దీవికి పడవలో వెళ్ళడం ఆవిడకి అలవాటు. మోకాళ్ళు పోయాక పడవ అడుగున కూర్చోలేకపోతోందని కొడుకు బల్ల కట్టించాడు. పిల్ల పడ్డాక ఆవిడ ఒకటే మాట అంది: "నా మోకాళ్ళ కోసం పిల్ల పన్ను పోయింది. నేనింక పడవెక్కను."

నేను కాగితం మిల్లులో ముప్పై ఏళ్ళుగా ఫిట్టర్ని. సెలవు పెట్టి వెళ్ళి చూశాను.

"ఏటి బావా, ప్లైవుడ్ చెక్కుచెదరలేదు, బోల్టూ తెగలేదు. మరెందుకు ఊడింది?" అన్నాడు మావాడు.

బల్ల తిరగేసి చూపించాను. ఇంట్లో గూడు పలకలకి కొట్టే ఇనుప బ్రాకెట్లు వేశారు, వంపు దగ్గర తుప్పు తినేసింది. రెండు చోట్ల బోల్టు అవతలిదాకా పోలేదు, ఫైబర్‌లోకి స్క్రూలు బిగించారు. ఫైబర్ చెక్క కాదు, స్క్రూని గట్టిగా పట్టి ఉంచదు. పడవ అదిరినప్పుడల్లా కన్నం కొంచెం కొంచెం పెద్దదై, చివరికి స్క్రూ ఊడొచ్చింది.

మావాడు ఈసారి బొటనవేలు లావు బోల్టులు వేద్దామన్నాడు. వద్దన్నాను. మంచి స్టెయిన్‌లెస్ బోల్టు 8 ఎంఎం ది ఒక్కటి లాగి తెంపాలంటే రెండు టన్నుల పైన బరువు కావాలి. మన బల్ల మీద ముగ్గురు కూర్చుంటే రెండు వందల కిలోలు. కెరటం దెబ్బకి అది రెండింతలు, మూడింతలైనా బోల్టు తెగదు. బోల్టు చుట్టూ ఉన్నదే చిరుగుతుంది. కాబట్టి డబ్బు పెట్టాల్సింది లావు మీద కాదు, రెండు సంగతుల మీద: ఏ లోహం, వెనకాల ఏ పలక.

లోహం సంగతి మన మిల్లువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బ్లీచింగు సెక్షన్‌లో క్లోరిన్ మందులు తగిలే చోట 304 స్టీలు సన్న సన్న గుంటలు పడిపోతుంది. అందుకే అక్కడ 316, ఇంకా పై రకాలు వాడతారు. 316లో మాలిబ్డినం రెండు మూడు శాతం ఉంటుంది, గుంటలు పడకుండా కాపాడేది అదే. ఉప్పునీళ్ళలో ఉన్నదీ ఆ క్లోరైడే. వానలకి చిలకా నీళ్ళు కొంచెం తియ్యబడినా ఎండాకాలం మళ్ళీ ఉప్పెక్కుతాయి.

బరంపురంలో నాలుగు షాపులు తిరిగాం. ఒకాయన అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోలేదు, ఫస్టు క్లాసు సరుకు" అన్నాడు. ఆ మాట నమ్మకండి. చవక 202 కూడా చాలాసార్లు అంటుకోదు. బోల్టు తల మీద ముద్ర చూడాలి: ఏ2 అంటే 304 రకం, ఏ4 అంటే 316 రకం. నట్టు, వాషరు కూడా అదే రకం ఉండాలి. బోల్టు మంచిది కొని నట్టు దగ్గర పొదుపు చేస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. అల్యూమినియం యాంగిల్ తేలిక, చవక అని ఇంకొకాయన చెప్పాడు. ఉప్పునీళ్ళలో స్టీలు బోల్టు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉంటే అల్యూమినియం తొందరగా తినేస్తుంది. అదీ వద్దన్నాను.

ఖరీదు ఎక్కువే. మావాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "పిల్ల పన్ను కంటే ఎక్కువేటి?" అన్నాక మాట్లాడలేదు. ఊళ్ళో ఒకరిద్దరు "మిల్లు స్టోరు నుంచి తెచ్చేశావా?" అని నవ్వారు. బిల్లు జేబులోంచి తీసి చూపించాను.

ఇలా బిగించాం. పక్కకి రెండు చొప్పున నాలుగు బ్రాకెట్లు, అన్నీ 316 పట్టీతో చేయించి, వెల్డింగు నల్లమచ్చ శుభ్రంగా తీయించాం. ఆ మచ్చ ఉంచేస్తే తుప్పు అక్కడే పట్టుకుంటుంది. బోల్టు పడవ గోడలోంచి ఆరుపారు వెళ్ళాలి. నీటి గీతకి జానెడు పైనే కన్నం వేయాలి, పడవ అడుగున మాత్రం వేయకూడదు. కన్నం లోపలి అంచుకి రెసిన్ పూసి ఆరనిచ్చి, సీలెంటు పెట్టి బోల్టు దింపాం. గోడ అవతల చిన్న వాషరు కాదు, అరచేయంత స్టీలు పలక. బరువు ఒక్క చోట గుచ్చకుండా పలకంతా పంచుకుంటుంది. అదురుకి వదులు కాకుండా లోపల నైలాన్ వలయం ఉన్న నట్టు. స్టీలు మరలు ఒకదాన్నొకటి కరిచేస్తాయి కాబట్టి కాస్త గ్రీజు రాసి, మిషను లేకుండా చేత్తో నిదానంగా బిగించాం.

బల్లకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, కోసిన అంచులకి రెసిన్. మధ్యలో ఒక కాలు, దాని కింద వెడల్పు పాదం, రబ్బరు. ఎత్తు పద్నాలుగు అంగుళాలు దాటనివ్వలేదు. మనుషులు ఎత్తున కూర్చునే కొద్దీ పడవ ఒరుగుతుంది.

రాత్రంతా ఆరు సిమెంటు బస్తాలు బల్ల మీద పెట్టి ఉంచాం. పొద్దున్నే చూస్తే వంగలేదు, గోడకి గీత పడలేదు. బస్తాలు దింపి నట్లన్నీ మళ్ళీ ఒకసారి చూసుకున్నాం.

సంక్రాంతినాడు అత్త ఒడ్డు దాకా వచ్చి నిలబడిపోయింది. "నేను చూశాను కదత్తా" అన్నాను. ఆవిడ పడవలోకి దిగి, కూర్చోకుండా, వంగలేని నడుము వంచి బల్ల కింద చెయ్యి పెట్టింది. నట్లు ఒక్కొక్కటే తడిమింది. "పిల్లని నా పక్కన కూర్చోబెట్టండి. ఆ తేలే జాకెట్టు కూడా వెయ్యండి" అంది.

రంభ అయినా, పూరీ అయినా, యానాం గోదారి అయినా, పడవలో బల్ల కనిపిస్తే కూర్చునే ముందు మీరూ ఒకసారి కింద చెయ్యి పెట్టండి. ఎర్రమట్టిలా తుప్పు చేతికంటినా, నట్టు వేలితో కదిలినా, సిగ్గుపడకుండా అడగండి. సొంత పడవైతే వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి నట్లు చూసుకోండి. 316 అయినా తుప్పు అసలే పట్టదని కాదు, చూసుకునే వాళ్ళకి ఎక్కువ కాలం పనికొస్తుందంతే.