గడ్డికుప్ప మీద వేసిన లెక్క

రాజమండ్రి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. కూతురు బీటెక్ పూర్తిచేసింది, జర్మనీలోని గార్చింగ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, వాతావరణ మార్పుల లెక్కల మీద పనిచేస్తానంటోంది. "అదేం చదువండీ? ఉద్యోగాలుంటాయా?" అని అడిగారు. ఉద్యోగాల సంగతి చివర్లో చెబుతాను. మొదటి ప్రశ్నను మాత్రం తేలిగ్గా వదలలేను. ఈ చదువంతా ఏ లెక్క మీద నిలబడిందో, దాన్ని మొట్టమొదట వేసి చూసింది ఆ ఊరి పక్కనున్న మ్యూనిక్ గాలి మీదే. అది ఘోరంగా తప్పింది కూడా.

మూలసూత్రం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. గాలినీ సముద్రాన్నీ గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో పీడనం, వేడి, తేమ, గాలి వేగం ఎంతో రాసుకుంటారు. భౌతికశాస్త్ర సూత్రాలతో కాసేపటికి అవెలా మారతాయో లెక్కగడతారు. అలా అడుగు మీద అడుగు వేసుకుంటూ పోతే రేపటి వాన తెలుస్తుంది, ఇంకా పోతే 2099 నాటి ఎండలు తెలుస్తాయి.

దీన్ని చేతితో చేసిన మనిషి లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. ఆయన యుద్ధాన్ని ఒప్పని క్వేకర్ అనే క్రైస్తవ శాఖవాడు, ఆయుధం పట్టనన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, చలి కొరికే విడిదిలో గడ్డికుప్పను బల్లగా చేసుకుని లెక్కకు కూర్చున్నాడు. తీసుకున్న రోజు 1910 మే 20, హాలీ తోకచుక్క భూమికి దగ్గరగా వచ్చిన రోజులవి. బెలూన్లు ఎగరేసి కొలిచిన వివరాలతో బ్యర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త లైప్‌జిగ్‌లో తయారుచేసిన పటాలు ఆయన దగ్గరున్నాయి. ఉదయం 4 నుంచి 10 వరకు, ఆరు గంటల్లో మ్యూనిక్ దగ్గర వాయుపీడనం ఎంత మారుతుంది? పట్టికలు గీసి లెక్క తేల్చడానికి ఆరు వారాలు పట్టింది. వచ్చిన జవాబు: 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుంది. ఒడిశాను ముంచిన 1999 నాటి పెనుతుఫానులో కూడా పీడనం మామూలు కన్నా సుమారు 100 మాత్రమే తగ్గింది. మ్యూనిక్‌లో ఆ ఉదయం పీడనం దాదాపు కదలనే లేదు!

రాతప్రతి 1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధంలో పోయి, కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గుకుప్ప కింద దొరికింది. 1922లో పుస్తకం అచ్చువేసినప్పుడు రిచర్డ్‌సన్ ఆ తప్పు జవాబును దాచలేదు, మొత్తం పట్టికతో సహా ఇచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే మొదలైంది.

తప్పు ఎక్కడ జరిగింది? అమ్మా, మీకు ధవళేశ్వరం పక్కనే కాబట్టి దాంతోనే చెబుతాను. మొదటి ప్రమాద హెచ్చరిక వేళ బ్యారేజీలోకి 10 లక్షల క్యూసెక్కులు వస్తూ, అంతే కిందికి పోతుంటే నీటిమట్టం కదలదు. రాకను కొలిచేవాళ్లు 5 శాతం ఎక్కువ రాసుకున్నారనుకోండి. ఆరు గంటల్లో టీఎంసీకి పైగా నీరు పేరుకుంటుంది, కాగితం మీద! నదిలో ఏమీ జరగదు. పీడనమంటే మన నెత్తిమీదున్న గాలి బరువు. కింది పొరల్లో గాలి వచ్చి చేరుతుంటే పై పొరల్లో దాదాపు అంతే బయటికి పోతుంది. ఆ రెండు పెద్ద అంకెల మధ్య మిగిలే పిసరంత తేడాయే పీడనంలో మార్పు. 1910 నాటి బెలూన్ కొలతల్లోని చిన్న తప్పులు ఆ పిసరును మింగేశాయి.

ఇందులో ఇంకో పొర ఉంది. గాలిలో కూడా బిందెలో నీళ్లలాగా త్వరత్వరగా పైకీ కిందికీ ఊగే అలలుంటాయి. వీటినీ గురుత్వ తరంగాలనే అంటారు గానీ, ఐన్‌స్టీన్ చెప్పినవి కావివి, బరువు వల్ల పుట్టే మామూలు ఊగులాట. నిజం గాలిలో అవి చాలా చిన్నవి. కొలతల్లో పొందిక లేకపోతే లెక్కలో మాత్రం భూతాల్లా లేస్తాయి. అల మీద పడవ ఒక్క క్షణం పైకి లేవడం చూసి, ఇదే వేగంతో గంటకు తాటిచెట్టు దాటుతుందని అన్నట్టయింది.

దీని మీద తీర్పులూ తప్పాయి. లెక్కలో కాలపు అడుగు మరీ పెద్దదైతే అంకెలు అదుపు తప్పుతాయని 1928లో కురాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ నిరూపించారు. రిచర్డ్‌సన్‌ను ముంచింది అదేనని చాలామంది రాశారు. ఆయన వేసింది ఒకే ఒక్క అడుగు, అదుపు తప్పడానికి రెండో అడుగుంటే కదా! ఐర్లండ్ శాస్త్రవేత్త పీటర్ లించ్ అవే సమీకరణాలు, అవే కొలతలు తీసుకుని, ముందుగా ఆ ఊగులాటను వడపోసి మళ్లీ లెక్కవేశాడు. మార్పు ఒక హెక్టోపాస్కల్‌కు లోపే వచ్చింది. సూత్రాల్లో తప్పు లేదు, మొదలుపెట్టిన అంకెల్లో ఉంది.

ఇప్పుడు గార్చింగ్‌కు వద్దాం. యూ6 మెట్రోలో ఉత్తరాన ఆఖరి స్టేషన్ దిగితే లైబ్నిట్జ్ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం. అక్కడి సూపర్‌మ్యూక్ మీద క్లైమెక్స్ అనే బవేరియా, క్యూబెక్ ఉమ్మడి పథకం ఒకే నమూనాను 50 సార్లు నడిపింది, 12 కిలోమీటర్ల గళ్లతో, 2099 వరకు. ఆరంభంలో కావాలనే అతిచిన్న తేడాలు పెట్టారు. 50 రకాల చరిత్రలు వచ్చాయి. వాటన్నిటిలో ఉమ్మడిగా కనిపించేది మనం చేసిన వేడి, విడివిడిగా కనిపించేది ప్రకృతి ఊగిసలాట. రిచర్డ్‌సన్‌ను పడగొట్టిన ఆరంభపు తేడాయే ఇక్కడ పనిముట్టయింది. ఇంత అందమైన మలుపు విజ్ఞానశాస్త్రంలో నాకు మరోచోట కనిపించలేదు.

ఇక ఉద్యోగాలు. మ్యూనిక్‌లోనే తుఫాను, వరద నష్టాలను 1970ల నుంచి లెక్కగడుతున్న మ్యూనిక్ రీ అనే పునర్బీమా సంస్థ ఉంది. ఓఫెన్‌బాఖ్‌లో జర్మన్ వాతావరణ శాఖ, డార్మ్‌స్టాట్‌లో వాతావరణ ఉపగ్రహాల సంస్థ యూమెట్‌శాట్ ఉన్నాయి. తిరిగి రావాలనుకుంటే హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, తిరుపతి దగ్గర గాదంకి రాడార్ కేంద్రం ఉన్నాయి. జర్మనీలో ఫీజులుండవన్న మాట అన్నిచోట్లా చెల్లదు: మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. నా బాధ ఒకటే. ఈ చదువు చదివిన పిల్లల్లో కొందరు కంపెనీలకు కర్బన నివేదికలు నింపే పనిలో పడి, గాలిని లెక్కగట్టడం మర్చిపోతున్నారు.

మీ అమ్మాయి గార్చింగ్‌లో కుదురుకున్నాక ఒక ఆదివారం రిచర్డ్‌సన్ పట్టికను పైథాన్‌లో రాసి చూడమనండి. ఆరు వారాల పని రెప్పపాటులో అయిపోతుంది. ముందు 145 రావాలి. అది వచ్చాకే వడపోత పెట్టమనండి.