పోలీస్ చేతిలో గన్ ఉంది సరే... ఆఖరుసారి ఎప్పుడు కాల్చిండు?



ఎన్‌కౌంటర్ వార్త ఏది వచ్చినా కింద ఒక కామెంట్ గ్యారంటీగా ఉంటది. "కాలు మీద కాల్చొచ్చు కదా?" అని. నేను కూడా ఒకప్పుడు ఇదే అడిగేటోణ్ణి. బీటెక్ హాస్టల్‌లో రాత్రి రెండింటి దాకా పబ్జీ ఆడి, రీకాయిల్ కంట్రోల్ మీద జూనియర్లకు క్లాసులు పీకిన బ్యాచ్ మాది. నిజం గన్ ఒక్కసారి కూడా ముట్టుకున్నది లేదు, అది వేరే విషయం.

మా గట్టులో నాతో పదో తరగతి దాకా చదివిన దోస్త్ ఒకడున్నడు. ఇప్పుడు ఆర్మ్‌డ్ రిజర్వ్, అంటే ఏఆర్ కానిస్టేబుల్. పేరు చెప్పను, ఏ జిల్లాలో చేస్తున్నడో కూడా చెప్పను. పండక్కి ఊరికొచ్చినప్పుడు వాణ్ణి ఈ కాలు ప్రశ్నే అడిగిన. "కాలు సంగతి తర్వాత రా, అసలు మనిషికి తగిలితే గొప్ప" అన్నడు. సరే, ఆఖరుసారి ఎప్పుడు కాల్చినవ్ అంటే కాసేపు ఆలోచించిండు. పోయినేడు ఫైరింగ్ ప్రాక్టీస్ టైముకు బందోబస్తులో ఉన్నడంట. అంతకు ముందు ఏడు కూడా అంతే. కానీ ఆ రెండేళ్లూ డ్యూటీలో భుజం మీద రైఫిల్ అయితే ఉంది.

నాకు అక్కడ ఆగిపోయింది బుర్ర. అందుకే ఈ ఎపిసోడ్.

2022 డిసెంబర్‌లో ఒక వీడియో వైరల్ అయింది, మీలో చాలామంది చూసే ఉంటరు. ఉత్తరప్రదేశ్‌లో సంత్ కబీర్ నగర్ జిల్లా ఖలీలాబాద్ పోలీస్ స్టేషన్. పై అధికారి తనిఖీకి వచ్చి, గన్ లోడ్ చేసి చూపించు అన్నడు. ఆ ఎస్సై బుల్లెట్‌ను గొట్టం ముందు నుంచి లోపలికి వేసిండు. బర్మార్ తుపాకీలో మందు కూరినట్టు! దేశమంతా నవ్వింది, నేను కూడా నవ్విన, షేర్ కూడా చేసిన. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వు రావట్లేదు. ఆయన ఒక్కడు మొద్దు అనుకుంటే సరిపోదు. ఆయనకు ఆఖరుసారి ఎవరు నేర్పిండ్రు, ఎప్పుడు నేర్పిండ్రు అని అడగాలె.

మన దగ్గర కానిస్టేబుల్ ఎట్లా అయితరో చూద్దాం. 2022 నోటిఫికేషన్ రాసినోళ్లకు తెలుసు. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలె, 4 మీటర్లు దూకాలె, షాట్‌పుట్ 6 మీటర్లు వేయాలె, తర్వాత 200 మార్కుల రాత పరీక్ష. మా దోస్త్ పొద్దున సీడ్ పత్తి చేనులో క్రాసింగ్ పని, సాయంత్రం స్కూల్ గ్రౌండ్‌లో రన్నింగ్. మూడేళ్లు అట్లా తిప్పలు పడ్డడు. ఇందులో గన్‌కు సంబంధించింది ఏదీ లేదు, ఉండదు కూడా. అదంతా ట్రైనింగ్‌లో నేర్పుతరు.

ట్రైనింగ్ సుమారు 9 నెలలు. హైదరాబాద్ హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్న రాష్ట్ర పోలీస్ అకాడమీకి పెట్టిన పేరు ఎవరిదో తెలుసా? రాజా బహదూర్ వెంకట రామారెడ్డిది. నిజాం కాలంలో హైదరాబాద్ కొత్వాల్. మన వనపర్తి సంస్థానం మనిషి! మన గద్వాల జిల్లాలో, బీచుపల్లిలో స్పెషల్ పోలీస్ పదో బెటాలియన్ ఉంది. కర్నూలు పోతుంటే కృష్ణ బ్రిడ్జి దగ్గర, ఆంజనేయస్వామి గుడికి పోయినోళ్లందరికీ తెలుసు.

9 నెలలు అంటే చాలా అనిపిస్తది. కానీ దాంట్లో ఏమేం పట్టాలె? పొద్దున పీటీ, పరేడ్, లాఠీ డ్రిల్, గుంపును చెదరగొట్టే డ్రిల్. క్లాసులో చట్టాలు, కేసు రాయడం, సాక్ష్యం చెడకుండా చూడడం, ఇప్పుడు సైబర్ క్రైమ్ కూడా. వీటి మధ్యలో ఆయుధం. ముందు విప్పడం, జోడించడం, దాన్నే హిందీలో ఖోల్నా, జోడ్నా అంటరు. పడుకుని, మోకాలి మీద, నిలబడి గురి పట్టే పొజిషన్లు. ఖాళీ గన్‌తో రోజుల తరబడి. ఆ తర్వాత రేంజ్‌కి తీసుకపోయి నిజం బుల్లెట్లు ఇస్తరు. అవి లెక్క పెట్టి ఇస్తరు. కాల్చినంక కింద పడ్డ ఖాళీ గొట్టాలు కూడా లెక్క పెట్టి తిరిగి ఇవ్వాలె. ఒకటి తక్కువైతే బ్యాచ్ మొత్తం గడ్డిలో మోకాళ్ల మీద వెతకాలె. "కాల్చింది తక్కువ, ఏరింది ఎక్కువ" అంటడు మా వాడు.

ఇక పాసింగ్ అవుట్ అయినంక సివిల్ కానిస్టేబుల్ స్టేషన్‌కి పోతడు. అక్కడ పిటిషన్లు, వారెంట్లు, పెట్రోలింగ్. గన్ ఎక్కడో అల్మరాలో. ఏఆర్ వాళ్లకు నయం. వాళ్లకు ఏటా పది పదిహేను రోజులు "మొబిలైజేషన్" అని పెడతరు, పేపర్‌లో జిల్లా ఎడిషన్‌లో ఫొటో వస్తది చూడండి, దాంట్లో ఫైరింగ్ కూడా ఉంటది. సెలవులో ఉన్నా, డ్యూటీలో ఉన్నా, మా వాడి లెక్క మిస్ అయితే ఇంకో ఏడు ఆగాలె.

ఇది మా వాడొక్కడి కథ అనుకోకండి. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ కలిసి 2019లో తెచ్చిన పోలీసింగ్ రిపోర్ట్ ప్రకారం, అంతకు ముందు ఐదేళ్ల లెక్కలు తీస్తే, దేశంలో సర్వీసులో ఉన్న పోలీసుల్లో సగటున 100 మందిలో ఆరుగురికే మళ్లీ ట్రైనింగ్ దొరికింది. గన్ ట్రైనింగ్ మాత్రమే కాదు, ఏ ట్రైనింగ్ అయినా సరే.

మరి ఆర్మీ? మన గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో అగ్నివీర్‌లకు సుమారు 31 వారాలు ట్రైనింగ్. నెలలు లెక్కేస్తే పోలీసు కంటే తక్కువే! ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తరు. ఆ 31 వారాల్లో వాళ్లకు చట్టం సెక్షన్లు లేవు, పంచనామా లేదు. ఆయుధమే సబ్జెక్ట్. ఇంకో మాట, సైనికుడికి యుద్ధం లేని రోజు ఏం పని? మళ్లీ ట్రైనింగే. పోలీసుకు బందోబస్తు లేని రోజే ఉండదు. ఆర్మీలో అందరూ షూటర్లు అనుకునేరు, వంట చేసేవాళ్లు, డ్రైవర్లు, క్లర్కులు కూడా సైనికులే. ఇన్‌ఫాంట్రీ లెక్క వేరు. అమెరికా ఆర్మీ 2018లో ఇన్‌ఫాంట్రీ ట్రైనింగ్‌ను 14 వారాల నుంచి 22 వారాలకు పెంచింది. అక్కడ రైఫిల్ పరీక్షలో 40 టార్గెట్లు లేస్తయి, 23 కొడితే పాస్. 36 గానీ అంతకంటే ఎక్కువ గానీ కొడితే ఎక్స్‌పర్ట్ బ్యాడ్జ్.

"అమెరికా పోలీసులు సూపర్ ఉంటరు కదన్నా" అంటరు కొందరు. 2013లో అక్కడి న్యాయశాఖ లెక్క ప్రకారం పోలీస్ అకాడమీల్లో సగటున 840 గంటల ట్రైనింగ్, దాంట్లో గన్‌కి 71 గంటలు. న్యూయార్క్ పోలీసులు ఏడాదికి రెండుసార్లు రేంజ్‌కి పోయి పాస్ కావాలె. మరి వాళ్ల గురి ఎంత? ర్యాండ్ అనే సంస్థ 2008లో బయటపెట్టింది. 1998 నుంచి 2006 దాకా, ఎదుటివాడు తిరిగి కాలుస్తున్నప్పుడు న్యూయార్క్ పోలీసుల బుల్లెట్లు తగిలింది 18 శాతం. వంద కాలిస్తే 82 వేరే ఎక్కడికో పోయినయి. ఎదుటివాడు కాల్చనప్పుడు కూడా 30 శాతమే.

ఏడాదికి రెండుసార్లు ప్రాక్టీస్ చేసేవాళ్లకే ఇట్లుంటే, కాలు మీద కాల్చుడు సంగతి ఇప్పుడు చెప్పండి. రేంజ్‌లో టార్గెట్ కదలదు, మీ మీదికి రాదు, చుట్టూ జనం ఉండరు. బయట గుండె దడదడలాడుతది, చేతి వేళ్లు మొద్దుబారుతయి, ఎదురుగా ఉన్న మనిషి తప్ప పక్కన ఏముందో కనపడదు. ఉరుకుతున్న మనిషిలో అన్నిటికంటే ఎక్కువ కదిలేది కాలే. తప్పిన బుల్లెట్ ఏమైతది? 2012 ఆగస్టు 24న న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ముందు ఇద్దరు పోలీసులు ఒక హంతకుడి మీద 16 రౌండ్లు కాల్చిండ్రు. వాడు చచ్చిండు. దారిన పోయే 9 మంది గాయపడ్డరు, తొమ్మిది మందీ పోలీసు కాల్పుల వల్లే.

గురి ఒక సమస్య. నాకు ఎక్కువ భయం వేసింది మాత్రం గన్ పట్టుకునే పద్ధతి గురించి చదివినప్పుడు. 2023 డిసెంబర్ 8, అలీగఢ్. పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కోసం ఒకామె కొడుకుతో పోలీస్ స్టేషన్‌కి వచ్చి నిలబడింది. ఎదురుగా ఎస్సై, వేరేవాళ్లు తెచ్చి ఇచ్చిన పిస్టల్ తీసుకుని చూస్తుంటే పేలింది. ఆమె తలకు తగిలి, కొన్ని రోజులకు చనిపోయింది. సీసీటీవీలో అంతా ఉంది. మన హైదరాబాద్‌లోనే 2023 ఆగస్టులో హుస్సేనీ ఆలం దగ్గర గార్డ్ డ్యూటీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ తన తుపాకీ పేలి చనిపోయిండు.

ఇట్లాంటివి ఎట్లా జరుగుతయి? ఒక్క చిన్న విషయం చెప్తా. గన్ ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ తీయాలె. తర్వాత బోల్ట్ లాగి, ఛాంబర్‌లో ఉన్న బుల్లెట్ బయట పడేయాలె. తర్వాత కంటితో చూసి, వేలు పెట్టి చూసి, ఖాళీ అని నమ్మాలె. ఈ వరుస తిరగేసి, ముందు బోల్ట్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే ఏమైతది? బోల్ట్ ముందుకు పోతూ ఇంకో బుల్లెట్‌ను లోపలికి నెట్టేస్తది. చేతిలో మ్యాగజైన్ ఉంది కాబట్టి గన్ ఖాళీ అని వాడు అనుకుంటడు. లోపల ఒకటి కూర్చుని ఉంటది. సాఫ్ట్‌వేర్‌లో నేను ఒకసారి రెండు కమాండ్లు అటూ ఇటూ కొట్టి ఆదివారం మొత్తం బ్యాకప్ తిరిగి ఎక్కించిన. ఇక్కడ బ్యాకప్ లేదు. ఈ వరుస చెయ్యికి రావాలంటే తరచూ చేయాలె, రెండేళ్లకోసారి కాదు.

మరి ఎందుకు చేయించరు? బుల్లెట్‌కి ఖర్చు, దానికి లెక్క. డ్యూటీ నుంచి మనిషిని వదిలితే ఆ డ్యూటీకి ఇంకో మనిషి లేడు. పైగా రేంజ్ కావాలె. రేంజ్ అంటే వెనక గుట్టో, పెద్ద మట్టి కట్టో ఉండాలె, చుట్టూ జనం ఉండొద్దు. ఒకప్పుడు ఊరవతల ఉన్న రేంజ్‌ల చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. 2024లో నార్సింగి వైపు ఆర్మీ రేంజ్ నుంచి వచ్చిందన్న బుల్లెట్ తగిలి ఒక మహిళ గాయపడ్డ వార్త మీకు గుర్తుండే ఉంటది.

చేయాలనుకుంటే చేయొచ్చు, అదీ మన దగ్గరే ఉంది. 1989లో కె.ఎస్. వ్యాస్ పెట్టిన గ్రేహౌండ్స్. ఆపరేషన్ లేని రోజు ట్రైనింగే అన్న ఆర్మీ పద్ధతి. మన నల్లమల అప్పట్లో ఎట్లుండేదో పెద్దోళ్లను అడగండి. 1993 నవంబర్ 14న సోమశిల దగ్గర మందుపాతరలో మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశినాయుడు చనిపోయిన రోజు గురించి కొల్లాపూర్ వైపు ఇప్పటికీ చెప్పుకుంటరు. అడవి కోసం అంత ట్రైనింగ్ ఇచ్చిన రాష్ట్రమే, బస్టాండ్‌లో నిలబడే కానిస్టేబుల్‌ను పట్టించుకోలేదు. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండ్‌లో మామూలు తనిఖీకి పోయిన పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపిండ్రు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే పోయిండ్రు. ఆ ఇద్దర్నీ రెండు రోజుల తర్వాత జానకిపురం దగ్గర పట్టుకునే ఎదురుకాల్పుల్లో ఇంకో కానిస్టేబుల్ చనిపోయిండు, గాయపడ్డ ఎస్సై సిద్దయ్య తర్వాత ఆస్పత్రిలో కన్నుమూసిండు.

ఇంకో వైపు కూడా చెప్పాలె. 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్, కరెంటు చార్జీల మీద ధర్నా, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయిండ్రు. 2007 జులై 28, ముదిగొండ, భూమి కోసం ఆందోళన, ఏడుగురు. గుంపు మీద కాల్చాల్సి వస్తే గురి కిందికి ఉండాలె, అవసరమైనంతే కాల్చాలె అని రూల్ ఉంది. రూల్ పుస్తకంలో ఉంటది. రాళ్లు పడుతుంటే, పక్కనోడు కాలిస్తే తను కూడా కాల్చకుండా ఆగడం ఏ రేంజ్‌లో నేర్పుతరు? కాగితం టార్గెట్ రాళ్లు వేయదు కదా.

మా దోస్త్‌ను ఆఖరున ఇది కూడా అడిగిన. ఒకసారి ఎన్నికల బందోబస్తులో రెండు గుంపులు తోసుకుంటుంటే వాడు మధ్యలో ఉన్నడు. రైఫిల్ చేతిలో ఉంది. "నాకు దాన్ని ఎట్లా వాడాల్నా అనే ఆలోచనే రాలేదు రా. ఎవడైనా గుంజుకుంటే ఎట్లా అని గట్టిగా పట్టుకుని నిలబడ్డ, అంతే" అన్నడు. ఆ రోజు ఏం కాలేదు. రాత్రికి గన్ స్టోర్‌లో అప్పజెప్పి, బుల్లెట్లు లెక్క పెట్టి సంతకం పెట్టి పడుకున్నడంట.

ఈ సంవత్సరం మొబిలైజేషన్‌కి వాడి పేరు లిస్ట్‌లో ఉంది, ఇప్పటికైతే. మీలో ఏఆర్‌లోనో, స్పెషల్ పోలీస్‌లోనో, ఆర్మీలోనో ఉన్నోళ్లు చూస్తుంటే కామెంట్‌లో ఒక్కటి రాయండి. పేరు వద్దు, ఊరు వద్దు, యూనిట్ అసలే వద్దు. ఆఖరుసారి రేంజ్‌లో కాల్చింది ఏ సంవత్సరం? అది చాలు.