సెల్‌ఫోను ద్వారా మద్యవ్యసన చికిత్స: వ్యయము, ఫలితము

ఒక చికిత్స చౌకయా, ఖరీదా అనే ప్రశ్నకు కేవలం ధర చూచి జవాబు చెప్పలేము. పది రూపాయల మందు రోగం నయం చేయకపోతే ఆ పది రూపాయలూ దండుగే. వెయ్యి రూపాయల మందు మనిషిని మళ్ళీ పనిలోకి పంపగలిగితే అది చౌకే. ఆరోగ్య ఆర్థికశాస్త్రంలో ఖర్చును, దానివలన కలిగిన ఫలితాన్ని ప్రక్క ప్రక్కన పెట్టి చూచే పద్ధతికి మూలం ఇదే. మద్యవ్యసనానికి సెల్‌ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా చికిత్స చేయవచ్చుననీ, అది మిక్కిలి చౌక అనీ ఇటీవల తరచు వింటున్నాము. ఈ మాట మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలింపదలచాము. 2016లో ఈ రెండు జిల్లాలు అనేక చిన్న జిల్లాలుగా విడిపోయినవి గాని, మేము పాత హద్దులనే దృష్టిలో ఉంచుకొన్నాము.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 సంవత్సరాలు దాటిన పురుషులలో 43.3 శాతం, స్త్రీలలో 6.7 శాతం మద్యం సేవిస్తున్నారు. దేశంలో మిక్కిలి ఎక్కువగా త్రాగే రాష్ట్రాలలో మనది ఒకటి. త్రాగే ప్రతివాడూ రోగి కాడు, నిజమే. కాని రోగి అయినవాని గతి ఏమిటి? 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన మాదకద్రవ్యాల సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స గాని సహాయం గాని పొందారు. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరు. కనుక ఫోను చికిత్సను పట్నంలోని పెద్ద దవాఖానతో పోల్చి, ఇది దానికి సాటి రాదని త్రోసిపుచ్చుట న్యాయం కాదు. 38 మందిలో 37 మందికి అసలు చికిత్సయే లేదు. ఆ లేమితోనే దీనిని పోల్చవలసి ఉన్నది.

ఖర్చు సంగతి చూద్దాము. ప్రభుత్వ దవాఖానలో చీటీకి, మందులకు డబ్బు అక్కరలేకపోవచ్చు. కాని నార్నూరు ప్రక్కనున్న గూడెం నుండి ఆదిలాబాదుకు రోగిని తీసుకొని రావలెనంటే ఇద్దరికి బస్సు చార్జీలు, ఇద్దరి కూలి పోవుట, దారిలో తిండి ఖర్చు ఉన్నవి. సిరిసిల్లలో మగ్గం నడిపే మనిషికీ, గోదావరిఖనిలో షిఫ్టు మానుకొనే కార్మికునికీ ఇదే లెక్క. వెంట వచ్చే భార్య బీడీలు చుట్టే ఆమె అయితే ఆనాటి బీడీలు చుట్టబడవు. ఆ కూలి రాదు. ఒకసారి వస్తే సరిపోదు, నాలుగైదుసార్లు రావలెను. ఈ ఖర్చు ఏ ప్రభుత్వపు పద్దులోనూ కనబడదు. అందుచేత పైకి ఉచితమైన వైద్యం పేదవానికి ఖరీదవుతున్నది, రెండవసారి రమ్మన్ననాడు అతడు రాడు. ఫోను వలన కలిగే అసలు ఆదా ఇక్కడ ఉన్నది.

మరి ఫలితము? ఇంగ్లండులో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితం 2011లో వెలువడినది. అందులో 7,935 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మద్యం తగ్గించుకొనుటకై సమగ్రంగా తయారుచేసిన కంప్యూటరు పాఠాలు, రెండవ వర్గానికి సాధారణ సమాచారం ఇచ్చారు. రెండు వర్గాలవారూ త్రాగుడు తగ్గించారు. కాని వారి మధ్య తేడా కనబడలేదు. అనగా ఆ పాఠాల వలన కలిగిన అదనపు మేలు ఏమీ తేలలేదు. ఒక్కొక్క మనిషికి అయ్యే ఖర్చు ఎంత తక్కువైనను, మేలు తేలనప్పుడు దానిని చౌక అనుటకు ఆధారం ఉండదు. అమెరికాలో మరొక పరిశోధన 2014లో వెలువడినది. ఆసుపత్రిలో ఉండి చికిత్స పొంది ఇంటికి పోయే 349 మందిలో కొందరికి స్మార్ట్‌ఫోను ద్వారా తోడ్పాటు ఇచ్చారు. గడచిన 30 రోజులలో మితిమీరి త్రాగిన రోజులు వీరికి సగటున 1.39, ఇతరులకు 2.75. ఇక్కడ ఫోను ఆసుపత్రికి బదులుగా రాలేదు. ఆసుపత్రి వెనుక వచ్చినది.

మనకు దగ్గరి ఉదాహరణ గోవాలో ఉన్నది. అక్కడ సంగాత్ అనే సంస్థవారు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 377 మంది పురుషులపై జరిపిన ప్రయోగం 2017లో ప్రకటితమైనది. సలహా చెప్పినవారు డాక్టర్లు కారు. శిక్షణ ఇచ్చిన స్థానికులు. ఒక్కొక్కరితో నాలుగుసార్ల వరకు, అర్ధగంటకు పైగా కూర్చుండి మాట్లాడారు. మూడు నెలల తరువాత హానికరమైన త్రాగుడు నుండి బయటపడినవారు 36 శాతం, మామూలు వైద్యం పొందిన వర్గంలో 26 శాతం. అనగా నూటికి పదిమంది ఎక్కువ; ఒక్కరు అదనంగా బాగుపడుటకు పదిమందితో మాట్లాడవలసి వచ్చినది. సంవత్సరం తరువాత చూడగా ఈ అంకెలు 54.3, 31.9 అయినవి. ఇప్పుడు నలుగురైదుగురికి ఒకరు. చేసిన ఖర్చు అదే, కాని ఒక్కొక్క అదనపు కోలుకొనుటకు పడే వెల సగానికి సగం తగ్గినది. కనుక మూడు నెలలకే పద్దు మూసివేసే అధికారికి మంచి చికిత్స కూడ ఖరీదుగా కనబడును. సంవత్సరపు లెక్కను బట్టి ఇది ఖర్చుకు తగినదే కావచ్చునని పరిశోధకులు తేల్చారు.

అయితే ఈ ప్రయోగం ముఖాముఖి జరిగినది, ఫోనులో కాదు. పైగా ఇందులో చేర్చుకొన్నది హానికరంగా త్రాగేవారినే గాని పూర్తిగా బానిసలైనవారిని కాదు. మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచిన విషయం మరొకటి. మూడు నెలల నాటికి భార్యలపై హింస తగ్గినట్లు ఈ ప్రయోగంలో కనబడలేదు. త్రాగుడు మానినవారి సంఖ్యను మాత్రమే ఫలితంగా లెక్కించితే ఆ ఇంటి ఇల్లాలి సంగతి లెక్కకు రాదు. వ్యయఫల పరిశీలనలు చదివే విద్యార్థులు ఏది ఫలితంగా ఎంచుకొన్నారో ముందుగా చూడవలెనని మా మనవి.

ఫోనుకు ఒక గొప్ప గుణం గోప్యత. మద్యాన్ని హరామ్‌గా భావించే కుటుంబాలలో త్రాగేవాడు లేడని కాదు, ఉన్నాడని ఒప్పుకొనే ఇల్లు అరుదు. దవాఖాన వరండాలో బంధువుల కంట పడుదునేమోనని జంకేవాడు రాత్రి మిద్దెమీద నుండి మాట్లాడగలడు. కాని ఇంటికి ఒక్కటే ఫోను ఉండి, అది త్రాగేవాని జేబులోనే ఉంటే, సలహా కోరదలచిన భార్యకు ఆ గోప్యత దక్కదు. గోండీ, కొలామీ ఇంటి భాషలుగా గలవారికి తెలుగు గాని ఉర్దూ గాని మనసు విప్పే భాష కాకపోవచ్చు. అడవి గూడేలలో సిగ్నలు కొరకు గుట్ట ఎక్కవలసివచ్చే చోట్లు కూడ ఉన్నవి.

మరొక జాగ్రత్త మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లును ప్రభుత్వం గట్టిగా అరికట్టినప్పుడు మన పొరుగున నిజామాబాదు మొదలగు జిల్లాలలో ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులో కలిపే క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్ప్రాజోలమ్‌లకు శరీరం అలవాటు పడి ఉండుటయే కారణం. సారా, విస్కీల విషయంలోనూ ఏండ్ల తరబడి అధికంగా త్రాగినవాడు హఠాత్తుగా మానితే మొదటి రెండు దినాలలో మూర్ఛలు, ఆ పిమ్మట సన్నిపాతం వంటి స్థితి రావచ్చు, ప్రాణమూ పోవచ్చు. ఇట్టివానికి ఫోనులో “ఈ రోజే మానివేయుము” అని చెప్పుట వైద్యం కాదు, అపాయం.

నేడు మనకు అందుబాటులో రెండు ఉచిత నంబర్లు ఉన్నవి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ వారి 14416 తెలుగుతో సహా 20 భాషలలో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చునది. రెండవది, వ్యసన విముక్తికై కేంద్ర సాంఘిక న్యాయ శాఖవారు నడిపే 14446. ఇట్టి చోట కూర్చున్న సలహాదారు, మా ఉద్దేశంలో, మొదట అడుగవలసినవి మూడు ప్రశ్నలు: చివరిసారి త్రాగి ఎన్ని గంటలయినది, త్రాగేది కల్లా మద్యమా, ఇదివరకు మానినప్పుడు మూర్ఛ వచ్చినదా? భయపడవలసిన సమాధానం వస్తే మాటలు ఆపి 108 వాహనాన్ని రప్పించవలెను. ఆ వాహనానికి, ఆ దవాఖాన మంచానికి అయ్యే ఖర్చును కూడ ఫోను చికిత్స పద్దులోనే వ్రాయవలెను.