చవక ఫోన్‌లో సిమ్ పలకనప్పుడు

తక్కువ ధరకో, రాయితీ మీదో వచ్చిన ఫోన్‌లో సిమ్ పనిచేయకపోతే ముందుగా అనుమానించాల్సింది ఫోన్‌నే. ఇలాంటి ఫోన్లలో కొన్నింటిని ఒకే కంపెనీ సిమ్ తీసుకునేలా తయారుచేస్తారు. తెలుగు ఇళ్లలో అందరూ ఎరిగిన ఉదాహరణ జియోఫోన్. 2017 జులైలో ప్రకటించి, ఆ సెప్టెంబరు నుంచి చేతికిచ్చిన ఈ బటన్ ఫోన్‌కు 1,500 రూపాయలు డిపాజిట్ కడితే చాలన్నారు. మూడేళ్ల తర్వాత ఫోన్ వెనక్కిస్తే డిపాజిట్ కూడా వెనక్కి వస్తుందన్నారు. 2023 జులైలో వచ్చినప్పుడు జియో భారత్ ధర 999 రూపాయలు. రెండింటిలోనూ జియో సిమ్ ఒక్కటే పలుకుతుంది. ఫోన్ చవకగా ఇచ్చిన కంపెనీ ఆ లోటును నెలనెలా రీచార్జ్‌లతో పూడ్చుకోవాలనుకుంటుంది. ఫోన్‌ను ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేసే ఈ తాళం అందుకే.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 2003 వానాకాలంలో రిలయన్స్ 501 రూపాయలు ముందు కట్టించుకుని, మిగతాది వాయిదాల్లో తీసుకుంటూ ఫోన్లు పంచింది. అవి సీడీఎంఏ ఫోన్లు. నంబరు ఫోన్‌లోనే ఎక్కించి ఉండేది, తీసి వేరే ఫోన్‌లో వేసుకోవడానికి సిమ్ అంటూ లేదు. ఇప్పుడు సిమ్ చేతికి వస్తోంది, కానీ దాన్ని ఒప్పుకోవాలో వద్దో ఫోన్ నిర్ణయిస్తోంది.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందంటే, ప్రతి సిమ్ లోపల చందాదారుడిని గుర్తించే ఒక సంఖ్య ఉంటుంది. ఇది ఫోన్ నంబరు కాదు, వేరే సంఖ్య. దాని మొదటి మూడు అంకెలు దేశాన్ని, ఆ పక్క అంకెలు కంపెనీని, సర్కిల్‌ను (అంటే టెలికాం ప్రాంతాన్ని) చెబుతాయి. మన దేశపు సిమ్‌లు 404తోనో 405తోనో మొదలవుతాయి. ఫోన్ ఆన్ కాగానే ఈ అంకెలు చదువుకుని, తనకు చెప్పిపెట్టిన కంపెనీవి కాకపోతే అక్కడే ఆగిపోతుంది. తెర మీద ‘ఇన్‌వాలిడ్ సిమ్’ అనో, తాళం వేసి ఉందనో వస్తుంది. సిమ్‌ను ఎన్నిసార్లు తీసి తుడిచి పెట్టినా ఫలితం ఉండదు.

హయత్‌నగర్ లాంటి చోట ఈ చిక్కు ఎక్కువగా ఇంట్లో చేతులు మారిన ఫోన్లతో వస్తుంది. విజయవాడ రహదారి మీద హైదరాబాద్ అంచున ఉన్న ఈ ప్రాంతంలో, నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి పనుల కోసం వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. కొడుకు టచ్ ఫోన్ కొనుక్కున్నాక పాత జియోఫోన్ ఊళ్లో ఉన్న తల్లికి చేరుతుంది. ఆమె దగ్గర ఏళ్లుగా ఉన్నది మరో కంపెనీ సిమ్. అందులో వేస్తే పలకదు, ‘సిమ్ పాడైంది’ అనుకుంటారు. కొత్త సిమ్ కోసం షాపుకు పోతారు, నంబరు మారిపోతుంది. నిజానికి ఆ సిమ్ వేరే ఏ మామూలు ఫోన్‌లో వేసినా పనిచేసేదే. ఈ షరతు ఫోన్ డబ్బా మీద తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాల్లో ఉండాలి. కొనేవారికి ధర ఎంత ముఖ్యమో, ఏ సిమ్ పనిచేస్తుందన్నదీ అంతే ముఖ్యం.

దీనికి తలకిందులైన చిక్కు మరొకటి. పాత 2జీ బటన్ ఫోన్‌లో జియో సిమ్ వేస్తే సిగ్నల్ గీతలే రావు. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్ లేదు. 2016లో మొదలైనప్పుడే 4జీతో మొదలైంది, మాటలు కూడా 4జీ మీదనే వోల్టీ పద్ధతిలో వెళ్తాయి. అదే పాత ఫోన్‌లో ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే కాల్స్ వస్తాయి, ఎందుకంటే ఆ కంపెనీ 3జీ మూసేసినా 2జీ ఉంచింది. బీఎస్‌ఎన్‌ఎల్ సంగతి ఇంకో రకం. 2025 సెప్టెంబరు 27న దేశీయ పరిజ్ఞానంతో నిర్మించిన 4జీని ఆ సంస్థ దేశవ్యాప్తంగా ప్రారంభించింది. కానీ పదేళ్ల కిందటి 2జీ, 3జీ సిమ్‌ను ఫోన్‌లో ఉంచుకుని 4జీ రావడం లేదంటే అది టవర్ తప్పు కాదు. బీఎస్‌ఎన్‌ఎల్ కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో పాత సిమ్ ఇచ్చి, అదే నంబరు మీద 4జీ సిమ్ తీసుకోవాలి.

పైవేవీ కాకపోతే లోపం ఎక్కడుందో తేల్చడానికి ఒక సులువైన మార్గం ఉంది. పలకని సిమ్‌ను తాళం లేని మరో 4జీ ఫోన్‌లో వేయాలి, పనిచేస్తున్న మరో సిమ్‌ను ఈ ఫోన్‌లో వేయాలి. సిమ్ వేరే ఫోన్‌లో పలికితే లోపం మొదటి ఫోన్‌ది. ఏ ఫోన్‌లోనూ పలకకపోతే సిమ్‌దో, దాని వెనక ఉన్న కనెక్షన్‌దో. పదిమందీ ఉండే ఇంట్లో ఇది ఐదు నిమిషాల పని. దీన్ని చేయకుండా షాపుకు వెళ్తే, అవసరం లేని చోట కొత్త సిమ్ అంటగట్టే అవకాశం ఉంది.

ఆ తర్వాత తెర మీది మాటలు చదవాలి. ‘నో సిమ్’ అని వస్తే ఫోన్‌కు కార్డు కనపడలేదన్నమాట. ఫోన్ స్విచాఫ్ చేసి, కార్డు తీసి, బంగారు రంగు పలకను పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, వంకర లేకుండా పెట్టాలి. పెద్ద సిమ్‌ను కత్తెరతోనో కట్టర్‌తోనో చిన్నది చేసిన కార్డుల్లో ఈ బాధ ఎక్కువ. నానో సిమ్ కొలత 12.3 మిల్లీమీటర్లకు 8.8. కత్తిరింపు కాస్త పక్కకు జరిగినా ఫోన్ పిన్నులు పలకకు సరిగ్గా ఆనవు. ‘సిమ్ నాట్ ప్రొవిజన్డ్’ అంటే కార్డు బాగానే ఉంది, కంపెనీ కంప్యూటర్లో ఆ కార్డును నంబరుతో ఇంకా ముడివేయలేదు. ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వస్తే ఫోన్‌కు ఏదో ఒక కంపెనీ టవర్ అందుతోంది గానీ, ఈ సిమ్‌ను లోపలికి రానివ్వడం లేదు. 112కు మాత్రం కాల్ వెళ్తుంది.

పిన్ అడిగితే మాత్రం ఊహించి నొక్కకూడదు. మూడుసార్లు తప్పు పిన్ కొడితే సిమ్ తాళం పడి, ఆ తాళం తీసే ఎనిమిది అంకెల పీయూకే అడుగుతుంది. అది కంపెనీ కస్టమర్ కేర్ చెబుతుంది, యజమాని వివరాలు సరిచూసుకున్నాక. పీయూకే పదిసార్లు తప్పు కొడితే ఆ కార్డు ఇక తెరుచుకోదు, అదే నంబరుకు కొత్త కార్డు తీసుకోవాల్సిందే. పిల్లలు ఆడుకుంటూ నొక్కి ఈ స్థితికి తెచ్చిన ఫోన్లు ఎన్నో.

చవక సిమ్ కొన్నవారికి ఎక్కువగా ఎదురయ్యేది గడువు. 2025 ఆగస్టులో బీఎస్‌ఎన్‌ఎల్ ఒక్క రూపాయికి కొత్త సిమ్ ఇచ్చింది. 30 రోజుల పాటు కాల్స్, రోజుకు 2 జీబీ డేటా అందులోనే. ముప్పయ్యో రోజు దాటాక కాల్స్ ఆగిపోవడం చూసి సిమ్ చెడిపోయిందనుకోవడం సహజం. అది చెడిపోలేదు, ఆఫర్ అయిపోయింది. రీచార్జ్ చేస్తే మళ్లీ పలుకుతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత వదిలేస్తేనే. 2013లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధన ప్రకారం, ప్రీపెయిడ్ నంబరును 90 రోజుల లోపు వాడలేదన్న కారణంతో తీసేయకూడదు. ఆ తర్వాత కూడా ఖాతాలో 20 రూపాయలో, అంతకుమించో ఉంటే, కంపెనీ ఆ మొత్తంలోంచి కొంత పట్టుకుని నంబరును మరో 30 రోజులు నిలపాలి. తీసేశాక కూడా 15 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకునే వీలుంది. ఇంటి అల్మారాలో పడి ఉన్న రెండో సిమ్‌లో ఇరవై రూపాయలు ఉండేలా చూసుకోవడం అందుకే మంచిది.

పేదలకు ఫోన్ ఖర్చు నేరుగా భరించే దేశాల్లోనూ ఈ గడువు బాధ ఉంది. అమెరికాలో 1985లో మొదలైన లైఫ్‌లైన్ పథకం తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి నెలకు 9.25 డాలర్ల వరకు బిల్లు తగ్గిస్తుంది. అక్కడ బిల్లు లేకుండా వచ్చే కనెక్షన్‌ను వరుసగా 30 రోజులు వాడకపోతే 15 రోజుల నోటీసిచ్చి తీసేస్తారు. అర్హతను ఏటా మళ్లీ సరిచూస్తారు. మన దేశంలో ప్రభుత్వ రాయితీ ఎక్కువగా టవర్లకు పోతుంది. కంపెనీల ఆదాయంలో 5 శాతం లెవీతో నడిచిన యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అయింది. సిగ్నల్ లేని పల్లెలకు 4జీ వేసే ఖర్చు అక్కడి నుంచే వస్తుంది. చేతిలోని సిమ్‌కు, రీచార్జ్‌కు డబ్బు మాత్రం వాడేవారే పెట్టుకోవాలి.

కొత్త సిమ్ తీసుకుని రోజు గడిచినా పలకకపోతే కాగితాల వైపు చూడాలి. 2024 జనవరి 1 నుంచి కాగితపు దరఖాస్తులు లేవు. ఆధార్‌తో వేలిముద్రో, షాపులో అప్పటికప్పుడు తీసిన ఫొటోనో కావాలి. కొన్ని కనెక్షన్లకు ఆ తర్వాత కొత్త సిమ్ నుంచే ఫోన్ చేసి ధ్రువీకరించాలి. బీఎస్‌ఎన్‌ఎల్‌కు ఆ నంబరు 1507, జియోకు 1977. షాపతను ఈ సంగతి చెప్పడం మరిచిపోతే కార్డు ఊరికే పడి ఉంటుంది.

రోడ్డు పక్క గొడుగు కింద సిమ్‌లు ఉచితంగా ఇచ్చేచోట మరో జాగ్రత్త కావాలి. ‘వేలిముద్ర సరిగ్గా పడలేదు, ఇంకోసారి పెట్టండి’ అంటూ రెండుసార్లు పెట్టించుకుని, రెండో ముద్రతో మరో సిమ్‌ను అదే పేరు మీద తెరిచే మోసాలు దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. 2023 ఆగస్టులో విజయవాడలో ఒకే వ్యక్తి ఫొటోతో 658 సిమ్‌లు తీసినట్టు టెలికాం శాఖ ముఖాల్ని పోల్చే సాఫ్ట్‌వేర్‌తో కనిపెట్టింది. ఒకరి పేరు మీద తొమ్మిది కనెక్షన్లకు మించి ఉండకూడదు. మించితే మళ్లీ ధ్రువీకరించుకోమని చెబుతారు. చేయకపోతే 2021 డిసెంబరు ఉత్తర్వు ప్రకారం ముందు బయటికి వెళ్లే కాల్స్, తర్వాత వచ్చే కాల్స్ ఆపి, 60 రోజుల్లో తీసేస్తారు. అలా, ఎవరో తీసిన సిమ్‌ల వల్ల నిజంగా వాడుకునే మనిషి నంబరు ఆగిపోయే అవకాశం ఉంది. తమ పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో చూసుకునే సౌకర్యాన్ని 2021 ఏప్రిల్‌లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ప్రారంభించారు. ఇప్పుడది టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఉంది. తెలియని నంబరు కనిపిస్తే ‘నాది కాదు’ అని అక్కడే నొక్కి చెప్పవచ్చు.

ఏ సిమ్ వేసినా పలకని ఫోన్లలో ఇంకో రకం సెకండ్ హ్యాండ్‌వి. పోయిన ఫోన్ గురించి అసలు యజమాని ఫిర్యాదు చేస్తే, ఆ ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను సీఈఐఆర్ అనే వ్యవస్థలో అడ్డుకుంటారు. ఆ ఫోన్ దేశంలో ఏ కంపెనీ టవర్‌నూ అందుకోలేదు. తెలంగాణ పోలీసులు 2023 ఏప్రిల్ నుంచి దీన్ని విరివిగా వాడుతున్నారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, హయత్‌నగర్ డిపో దగ్గర కొన్నా, డబ్బులిచ్చే ముందే చూసుకోవాలి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ తెర మీద కనపడుతుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ అంకెలు వేసి 14422కు మెసేజ్ పంపితే ఫోన్ సంగతి జవాబుగా వస్తుంది. బిల్లు ఇవ్వనంటే ఆ ఫోన్ వద్దనుకోవడమే మేలు.

కార్డు నిజంగానే పాడైతే, గుర్తింపు కార్డుతో కంపెనీ షోరూమ్‌కు వెళ్తే అదే నంబరుకు కొత్త కార్డు ఇస్తారు. ఇక్కడా జనం కంగారుపడే చోటు ఒకటి ఉంది. కొత్త కార్డు పలికాక కాల్స్ వస్తాయి, మెసేజ్‌లు మాత్రం 24 గంటలు రావు, పోవు. ఒకరి నంబరు మీద మరొకరు సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు కొట్టేసే మోసాలను ఆపడానికే టెలికాం శాఖ ఈ అడ్డు పెట్టింది. కాబట్టి ఓటీపీ అవసరమైన పని ఉన్న రోజు కార్డు మార్చుకోకూడదు. మార్చిన ఏడు రోజుల వరకు ఆ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయడానికీ వీల్లేదు, 2024 జులై 1 నుంచి అది నిబంధన.

ఈ శ్రమంతా నంబరు నిలుపుకోవడానికే. 2021 ఫిబ్రవరిలో కరోనా భయంతో తెలంగాణ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర ఆపి, ఐరిస్ లేదా ఓటీపీ పెట్టారు. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు ముడిపడి ఉండాలి. చాలామంది ఆధార్‌లో ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు ఉంది, లేదా అసలు నంబరే లేదు. కొత్త నంబరు ఎక్కించుకోవడానికి ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. వదిలేసిన నంబరు కనీసం 90 రోజులు ఆగి, తర్వాత ఇంకొకరికి వెళ్తుంది. దానితో పాటు బ్యాంకు మెసేజ్‌లూ వాళ్లకే వెళ్తాయి. అందుకని ఏ నంబరునైనా వదిలేసే ముందు బ్యాంకులో, ఆధార్‌లో, గ్యాస్ ఏజెన్సీలో కొత్తది రాయించుకోవాలి.

ఇన్ని చూసినా సిమ్ పలకకపోతే ఫిర్యాదు చేయాలి. ఏ కంపెనీదైనా ఆ కంపెనీ సిమ్ నుంచి 198కి చేసే కాల్ ఉచితం. తన సిమ్ పలకడం లేదు గనుక ఇంట్లో మరొకరి అదే కంపెనీ సిమ్ నుంచి చేయవచ్చు. మాట్లాడాక ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవడం తప్పనిసరి. అది లేకపోతే ముందుకు పోవడానికి ఆధారం ఉండదు. జవాబు తృప్తిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా అప్పీలు చేయవచ్చు, 39 రోజుల్లో తేల్చాలి. అక్కడా తేలకపోతే టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి రాయాలి. రాసేటప్పుడు ఫోన్ నంబరు, సిమ్ కార్డు వెనక 89తో మొదలయ్యే పొడవాటి సంఖ్య, ఫిర్యాదు నంబరు, తెర మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే, అవతలివారు మళ్లీ అడిగి కాలయాపన చేయడానికి వీలుండదు.